పాడ్యమి నాటి సముద్రం

శనివారం సాయంత్రం కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంటు హాల్లో భజన ముగిశాక అరచేతులు ముఖం దగ్గరికి తెచ్చుకుంటే నాకు తుప్పు వాసన వస్తుంది. కర్పూరం, బంతిపూలు, ఆఫీసుల నుంచి నేరుగా వచ్చినవాళ్ల చొక్కాల మీది ఏసీ వాసన, వీటన్నిటి అడుగున ఆ తుప్పు. అది మా నాన్నమ్మ చిరతలది. చేతిలో ఇమిడే చెక్కలు, వాటిలో ఇత్తడి బిళ్లలు, బిళ్లలను పట్టి ఉంచే ఇనుప చీలలు. ఒక చీల బిగుసుకుపోయి దాని బిళ్లలు మోగడం మానేశాయి. "ఆంటీ, కొత్తవి ఆర్డర్ పెట్టమంటారా?" అని పై అంతస్తు అమ్మాయి అడుగుతూనే ఉంటుంది. నేను వద్దంటూనే ఉంటాను. ఆ చీలను అలా పట్టేసింది సముద్రం.

ఇప్పుడు అద్దాల భవనాలు నిలబడ్డ ఈ నేల మీద నా చిన్నప్పుడు జొన్నచేలు ఉండేవి. చేల మధ్య ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు రాతిగుండ్లు, గుండ్ల సందుల్లో సీతాఫలం చెట్లు, వానలు వెనకబట్టే రోజుల్లో పండిన కాయలు పగిలి గాలి అంతా తియ్యగా ఉంటే ఆ గుండ్ల చాటున మేం దాగుడుమూతలాడి, నోటి నిండా సీతాఫలం గుజ్జుతో దొరికిపోయేవాళ్లం. శనివారం పొద్దుగూకితే హనుమంతుడి గుడి ముందు చాపలు పరిచేవారు. భజన మండలికి పెద్ద రామయ్య తాత. ఆయన పురాణం చదివి అర్థం చెప్పేవాడు. చిరతలు మా నాన్నమ్మవి. ఆమె వాయిస్తుంటే పాలు పిండడం ముగించి ఆలస్యంగా వచ్చినవాళ్లు కూడా కూర్చోకముందే తాళం అందుకునేవారు.

నాన్నమ్మకు చదువు రాదు గాని విన్న శాస్త్రం ఒక్కటీ జారిపోలేదు. రావిచెట్టును శనివారం తప్ప ముట్టేది కాదు. నీళ్లు తాగబోతే కూర్చుని తాగమనేది. పురాణంలో సముద్రం వచ్చినప్పుడల్లా, అంటే వారధి కట్టినప్పుడూ, పాలకడలి చిలికినప్పుడూ, ప్రహ్లాదుణ్ని కడలిలో పడేసినప్పుడూ ఆమె చేతులు ఆగిపోయేవి. "అవతలి ఒడ్డు కనపడదట బిడ్డా, గన్ని నీళ్లు!" అనేది నాతో. ఆమె చూసిన పెద్ద నీళ్లు మా చెరువువే. చచ్చేలోగా ఒక్కసారి సముద్ర స్నానం చేయాలన్నదే ఆమె కోరిక. అంతకుమించి దేవుణ్ని ఏమీ అడిగినట్టు నాకు గుర్తులేదు.

నాకు పదేళ్లప్పుడు ఆ కోరిక తీరే దారి కనబడింది. మండలి అంతా కలిసి సింహాచలం యాత్ర. రామయ్య తాత పంచాంగం చూసి మరీ పెట్టాడు. మాఘ పౌర్ణమి నాటి పొద్దున విశాఖపట్నంలో దిగి సముద్ర స్నానం, మర్నాడు కొండమీద నరసింహస్వామి దర్శనం, ఆ సాయంత్రమే తిరుగు రైలు. నాన్నమ్మ జొన్నరొట్టెలు, నువ్వులపొడి, సర్వపిండి మూటగట్టింది. స్నానానికని పసుపు అంచు తెల్లచీర విడిగా మడిచి పెట్టుకుంది.

రైలు సగం దారిలో ఆగింది. ముందు పట్టాలు పాడయ్యాయన్నారు. పౌర్ణమి పగలంతా ఎవరివో చేల మధ్య ఆ పెట్టెలోనే గడిచింది. రొట్టెలు పంచుకున్నాం, భజన చేశాం, పక్క పెట్టెల వాళ్లు వచ్చి కూర్చున్నారు. నాన్నమ్మ చిరతలు వాయిస్తూనే ఉంది గాని చూపంతా కిటికీలోంచి పైకెక్కుతున్న ఎండ మీదే. విశాఖలో దిగేసరికి మర్నాడు తెల్లవారింది. పౌర్ణమి వెళ్లిపోయింది. అది పాడ్యమి.

పర్వదినాన తప్ప సముద్రాన్ని ముట్టకూడదని శాస్త్రం. ఆ మాట మా అందరికీ చెప్పింది రామయ్య తాతే. స్టేషను బయట ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "వదినె, మనకున్నది ఈ ఒక్క దినమే. జర జల్ది గానియ్యాలె. పొద్దుగాల కొండ, పగటాల సముద్రం. పరేషాన్ గాకు, రైలు లేటైందని దేవునికి తెల్వదా?" అన్నాడు.

"దేవునికి తెలుసు రామయ్యా. ఇయ్యాల పాడ్యమని నాకు గూడ తెలుసు గద" అంది నాన్నమ్మ.

ఆ ఒక్క రోజును మేం చెరకుగడలా పిప్పి మిగిలేదాకా నమిలాం. కొండ బస్సులో మలుపు మలుపుకూ గోవిందా అన్నాం. మెట్ల పక్కన సంపెంగలు కొని కొప్పుల్లో తురుముకున్నారు ఆడవాళ్లు. గంధపు పూతలో నిండా మునిగిన స్వామిని చూసి నేను కళ్లు ఎక్కడున్నాయని అడిగితే, "నువ్వు సూస్తె చాలు, ఆయన సూస్తనే ఉంటడు" అంది నాన్నమ్మ. కౌగిలించుకుంటే కోరిక తీరుతుందనే కప్పస్తంభాన్ని పట్టుకుని ఆమె ఎంతసేపటికీ వదలకపోతే వెనకవాళ్లు గొణిగారు. పులిహోర ప్రసాదం ఆకులోని చివరి మెతుకు దాకా తిని, చేతులకంటిన గంధం వాసనతోనే మధ్యాహ్నం దిగి సముద్రానికి వచ్చాం.

సముద్రాన్ని నేను ముందు విన్నాను, తర్వాత చూశాను. మగవాళ్లు పంచెలు ఎగగట్టి, "మన తప్పేమున్నది" అనుకుంటూ దిగారు. ఆఖరికి రామయ్య తాత కూడా దిగాడు. నన్ను కూడా పొమ్మంది నాన్నమ్మ. ఆమె మాత్రం పొడి ఇసుకలో, తెల్లచీర మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ చూసి, "మామ్మగారూ, భయమాండీ? పాదాలైనా తడుపుకోండి, అల ఏమీ చేయదు" అంది.

"భయం గాదమ్మా, పాడ్యమి" అంది నాన్నమ్మ.

ఆవిడకు అర్థమయిందో లేదో, ఒక పొత్తు నా చేతిలో పెట్టి విసనకర్ర అందుకుంది.

నాన్నమ్మ చిరతలు తీసింది. సన్నగా మొదలుపెట్టింది, అలకు తగ్గట్టు తాళం వేసుకుంటూ. కాసేపటికి, "ఈడ ఇసుక కాలుతున్నది" అని కొంచెం ముందుకు జరిగింది. మళ్లీ పాట. మళ్లీ, "ఎండ కండ్లల్ల పడుతున్నది" అని ఇంకొంచెం. చివరికి తడి ఇసుక అంచుకు వచ్చింది. ఇదేమిటన్నట్టు చూశాను.

"ఏంది గట్ల సూస్తవ్? ఈడ సల్లగున్నది" అంది.

పొద్దు వాలేకొద్దీ సముద్రం పోటెక్కింది. రామయ్య తాత రైలుకు టైమైందని చేయి ఊపుతున్నాడు. నాన్నమ్మ లేచేముందు కళ్లు మూసుకుని నమస్కారానికి చేతులు జోడించింది. అప్పుడు అన్ని అలలనూ దాటుకుని ఒకటి వచ్చింది. నా మోకాళ్లు దాటి, ఆమె భుజాల దాకా లేచి, చిరతల్నీ చీర మూటనీ తడిపి, ఆమెను కూర్చున్నచోటే ఒకసారి అటూ ఇటూ ఊపి వెళ్లిపోయింది. నేను కెవ్వుమన్నాను. ఆమె ముఖం మీద నుంచి నీళ్లు కారుతున్నాయి. నవ్వుతోంది, పళ్లన్నీ కనబడేలా.

"నేను ముట్టలే బిడ్డా! సూసినవ్ గద, ఆయనే వచ్చి ముట్టిండు!"

పరుగెత్తుకొచ్చిన రామయ్య తాత ఆమెను లేపుతూ, "శాస్త్రం మనకు చెప్పిండ్రు వదినె, సముద్రానికెవ్వలు చెప్పలే" అన్నాడు. తడిచీరతోనే రైలెక్కింది నాన్నమ్మ, మూటలోని తెల్లచీర కూడా తడిసింది కనుక. దారంతా ఎవరు అడిగినా అడగకపోయినా ఆ మాటే చెప్పింది. మళ్లీ ఆమె సముద్రాన్ని చూడలేదు, చూడాలనీ అనలేదు.

ఆ జొన్నచేలు పోయాయి. రాతిగుండ్లను పేల్చి పునాదులు తవ్వారు. సీతాఫలాలు హఫీజ్‌పేట్ రోడ్డు పక్కన తోపుడుబండి మీద దొరుకుతాయి, ఆ వాసన మాత్రం దొరకదు. మండలిలో మిగిలింది నేనూ, ఈ చిరతలూ. దేవుడి దగ్గరికి వెళ్లే అర్హత నాకుందా అన్న సందేహం ఈ వయసులోనూ నన్ను వదలదు. అలాంటప్పుడు ఆ తడి ఇసుక గుర్తొస్తుంది.

పోయిన శనివారం భజన మధ్యలో చాప పట్టుకుని దేవుడి ముందున్న దీపం వైపు కాస్త జరిగాను. "ఏమైంది ఆంటీ?" అంది పై అంతస్తు అమ్మాయి.

"ఇక్కడ చల్లగా ఉంది" అన్నాను.