అతికిన పోగు

బాపట్లలోని చేనేత మ్యూజియానికి వచ్చే బడిపిల్లల బాధ్యత ఆరేళ్లుగా నాది. లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని. ఒక్కో బడికి యాభై నిమిషాలు, అందులో మగ్గం గదికి పన్నెండు. ఒక్క నిమిషం దాటనివ్వను.

మొన్న ఆగస్టు రెండో గురువారం రేపల్లె బడి ఇరవై రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. వెనకే తెనాలి బడి బస్సు. ఆ చిరాకుతో మగ్గం గదిలోకి వెళ్లేసరికి నేతాయన టీకి వెళ్లి ఉన్నాడు. ఏడో తరగతి పిల్ల ఒకతె అడ్డుతాడు దాటి, మగ్గానికి నిలువుగా కట్టిన తెల్లటి పడుగు పోగుల మీద వంగి ఉంది. వేళ్లు మాసి ఉన్నాయి.

"ఏయ్, ఆ మురికి చేతులేంటి? ముట్టుకోవద్దని బోర్డు పెట్టాంగా, చదవడం రాదా?" అంటూ చెయ్యి పట్టి ఇవతలికి లాగాను. పిల్లలు గొల్లున నవ్వారు.

"పోగు తెగిందండి, అందుకని..."

"తెంపింది చాలక మళ్లీ మాటలా!" వాళ్ల మేడంతో చెప్పి బస్సులో కూర్చోబెట్టించాను.

నేతాయన వచ్చి చూశాడు. "పొద్దున తెగిన పోగండి ఇది. ఎవరో చక్కగా అతికారే!"

మగ్గం కింద కొబ్బరిచిప్పలో బూడిద ఉంటుంది. అది వేళ్లకు అద్దుకుని, తెగిన కొసలను మెలిపెట్టి అతుకుతారు. ప్రతి బడికీ ఆ మాట చెప్పేది నేనే.

"వాళ్ల అమ్మమ్మోళ్లది పేరాలండి, నేతపనే," అంది వెనక నిలబడ్డ రేపల్లె పిల్ల. "సెలవులకెళ్తే ఇది మగ్గం దగ్గరే ఉంటదండి."

"పిలుచుకురానా అమ్మా?" నేతాయన అడిగాడు.

రేపల్లె బస్సు గేటు దగ్గరే ఉంది. పోయి రావడానికి రెండు నిమిషాలు చాలు. గుమ్మంలో తెనాలి పిల్లలు వరుస కట్టారు.

"టైమైపోయింది," అన్నాను. అది సాకు. అంతమంది ముందు చిన్నపిల్ల దగ్గర తప్పు ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు.

మర్నాడు రేపల్లె బడికి ఫోను చేశాను. "ఆ పిల్లని గట్టిగా కోప్పడ్డామండి, ఇంకెక్కడికీ తీసుకెళ్లం లెండి," అంది మేడం, నన్ను ఊరడిస్తున్నట్టు. తప్పు నాదేనని, ఆ పిల్లను తీసుకెళ్లడం మానొద్దని ఆవిడకు రెండుసార్లు చెప్పి, పిల్లను పిలవమన్నాను.

"నిన్న నేను తొందరపడ్డానమ్మా. నువ్వు మంచి పనే చేశావు."

ఆ పిల్ల నెమ్మదిగా, "అతుకు నిలిచిందా అండీ?" అని అడిగింది.

నేను చూడలేదు.