ఆకు కింద కాడ

నారాయణఖేడ్ బస్టాండు పక్కన గడియారాలు బాగుచేసే దేవానందానికి ఇంకో పని కూడా ఉంది. దానికి గిరాకీ లేదు. మధ్యాహ్నం ఎండకు బజారు సద్దుమణగ్గానే కంటికి భూతద్దం తగిలించుకుని, అరిగిపోయిన అమెరికా రాగి నాణేలు ముందేసుకుని కూర్చుంటాడు.

అవి వాళ్ల నాయనమ్మవి. ఆమె మిషన్ బంగళాలో వంట చేసేది. అక్కడి దొరసాని తన దేశానికి తిరిగిపోతూ, రెండు వందల ఏండ్ల నాటి సెంటు నాణేలున్న డబ్బా ఒకటి ఆమె చేతిలో పెట్టి పోయింది. చిన్నప్పుడు దేవానందం వాటితో బిళ్లాట ఆడాడు. పెద్దయ్యాక ఫోన్లో చూసి అసలు సంగతి తెలుసుకున్నాడు. ఆ కాలంలో నాణేలు ముద్రించే అచ్చుల మీద అంకెలు, అక్షరాలు, ఆకులు చేత్తోనే దించేవాళ్లట. అందుకే ఏ రెండు అచ్చులూ ఒక్కతీరుగా ఉండవు. ఒకదాంట్లో ఆకు కొస అక్షరాన్ని తాకితే ఇంకోదాంట్లో తాకదు. సంవత్సరం చెరిగిపోయినా, మిగిలిన ఆనవాళ్లను బట్టి నాణెం ఏ అచ్చుదో పట్టుకోవచ్చు. పొద్దంతా సన్నటి పళ్లచక్రాలు చూసే మనిషి, ఇగ ఊరుకుంటాడా.

డబ్బాలో ఒకటి మాత్రం చొక్కా గుండీలా నున్నబడిపోయింది. చాలా రోజులు తిప్పి తిప్పి చూసి, అది ఎక్కడోగాని దొరకని అచ్చుదని తేల్చాడు. ఫోన్లో నాణేలు సేకరించేవాళ్ల గుంపుకు ఫొటో పెడితే అందరూ మెచ్చుకున్నారు. ఆ సంబరంలో మిఠాయి పట్టుకుని ఇంటికి పోయాడు.

భార్య రోజ పుట్టిన ఊరు నాగల్‌గిద్ద. కందులు ఏరుతూ పెరిగిన కళ్లు ఆమెవి. మర్నాడు పొద్దున వాకిట్లో ఏటవాలు ఎండకు నాణేన్ని వాల్చి పట్టి చూసింది.

"గీ ఆకు కింద సన్నగ కాడ ఉంది, సూడు," అంది.

"గీత పడ్డదేమో."

"గీత అయితే గుంత పడ్తది. ఇది ఉబ్బి ఉంది."

దేవానందం మొహం వాడిపోయింది. అతను అనుకున్న అచ్చులో ఆకు కింద కాడ ఉండదు. కాడ ఉన్నది మామూలు అచ్చు, ఎక్కడైనా దొరికేది. ఎందుకట్ల అయినవని రోజ అడిగితే సంగతంతా చెప్పాడు.

"వాళ్లకు జెప్పవా మరి?"

"చెప్తే నవ్వుతరు."

"ఉన్న కాడను లేదంటే పోతదా?" అంది రోజ.

దేవానందం అదే ఎండలో ఇంకో ఫొటో తీసి, తాను పొరబడ్డానని, కాడను తన భార్య చూసిందని వచ్చీరాని ఇంగ్లీషులో రాశాడు. ఎవరూ నవ్వలేదు. గుంపులో ఒక ముసలాయన తాను కూడా ఇట్లే పొరబడిన రోజులున్నాయని రాసి, ఆమె ఏ వెలుతురులో చూసిందని అడిగాడు. పొద్దుటి ఎండలో, వాకిట్లో అని దేవానందం జవాబిచ్చాడు. గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

ఇప్పుడు ఆదివారం చర్చి నుంచి రాగానే ఇద్దరూ వాకిట్లో కూర్చుంటారు. మొన్న ఒక నాణెం దగ్గర మాట కుదరలేదు. ఆకుల నడుమ ఉన్నది పండు బొమ్మ అని ఆమె, చిలుము మచ్చ అని అతను. ఎంతకూ తెగలేదు. ఆమె నాణెం వదిలేటట్టు లేదని, దేవానందమే లేచి లోపలికి పోయి అన్నానికి ఎసరు పెట్టాడు.