నీళ్ళలో ముంచిన ఇరుసు

మా కొలిమికి ఎదురుగా, రోడ్డవతల కొలిమి పెట్టుకున్న మిస్త్రీ పోయాడని నిన్న పొద్దున పాలవాడు చెప్పాడు. అయ్యో అన్నాను. ఆ వెంటనే, ఇక శామీర్‌పేటలో బండ్లకు ఇరుసులు వేసేవాణ్ణి నేనొక్కణ్ణే గదా అనుకున్నాను. సిగ్గుపడ్డాను గానీ, అనుకోవడం మాత్రం అనుకున్నాను. మీ దగ్గర దాచేదేముంది? ఇరవై ఏళ్ళు ఆయన్ని చూసి కుళ్ళుకున్నవాణ్ణి, ఒక్క పూటలో మంచివాణ్ణి ఎలా అయిపోతాను?

ఆ కుళ్ళు ఊరికే రాలేదు. ఆయన రోడ్డుకు వీపు పెట్టి కూర్చుని చాయ్ తాగుతూ, వెనక పోయే బండి చప్పుడు విని, ఎడమ చక్రం చూపించుకొమ్మని కేకేసేవాడు. నేను బండి కింద దూరి గంటసేపు వెతికినా దొరకనిది ఆయన చెవికి దొరికేది. తొందరపెట్టే వాళ్ళతో, "జల్దీ ఉన్నోడు నడిచి పోవాలె" అనేవాడు. నవ్వి కూర్చునేవాళ్ళు. అదే మాట నేనంటే బండి మళ్ళించుకుని ఆయన దగ్గరికే పోయేవాళ్ళు. ముందు ఎద్దులకు నీళ్ళు పెట్టించి, ఆ తర్వాతే బండిని చూసేవాడు. అది చూసి నేనూ ఒక తొట్టి పెట్టాను. ఎద్దులు నా దగ్గర తాగేవి, బండ్లు ఆయన దగ్గరికి వెళ్ళేవి. చివరికి మా బాపు కూడా, నేను కొలిమి ముందు కూర్చుని ఉండగానే, తన బండిని అటే తోలాడు.

యుద్ధం రోజుల్లో లష్కర్ మిలిటరీ నుంచి పాత మోటార్ల ఇరుసులు తుక్కు కింద వచ్చేవి. వాటితో టైరుబండ్లు కట్టించుకోవడం మొదలైంది. మేడ్చల్ పటేలు తన బండిపని నాకిచ్చాడు, మిస్త్రీకి కాదు. వారం రోజులు నా నడకే మారిపోయింది. ఇరుసు కొసలు ఎర్రగా కాల్చి, చక్రాలకు సరిపడేలా సాగగొట్టి, నాగటి కర్రుకు చేసినట్టే నీళ్ళలో ముంచి గట్టిపరిచాను. మోటారు ఇనుముకు అలా చెయ్యొచ్చా అని రోడ్డు దాటి ఒక్క మాట అడిగి ఉండొచ్చు. అడగలేదు.

బండి మేడ్చల్ చేరకముందే ఇరుసు పుటుక్కున విరిగింది. వడ్ల బస్తాల మీద కూర్చున్న పటేలు తల్లి కిందపడితే చెయ్యి విరిగింది. పటేలు ఆ ముక్కలు తెచ్చి మిస్త్రీ ముందర పడేసి, తప్పెవరిదో చెప్పమన్నాడు. జనం మూగారు. విరిగిన చోట ఇనుము ఉప్పుకల్లులా మెరుస్తోంది. ఇక నా కొలిమి గడప ఎవరూ తొక్కరనుకున్నాను. మిస్త్రీ ఆ చోటును వేలితో తడిమి చూశాడు.

"లష్కర్ మాల్ పటేల్ సాబ్. లోపట్నే పగులున్నది. ఎవనికి కనిపిస్తది?"

అందరూ వెళ్ళాక రోడ్డు దాటి వచ్చాడు.

"నీళ్ళల్ల ముంచినవ్ గదా. గీ ఇనుము గట్ల జేస్తే గాజు లెక్క అయితది. బూడిదల పెట్టి మెల్లగ సల్లారనియ్యాలె."

అంతే చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రోజుతో నా కుళ్ళు రెట్టింపయింది. పనిలో మించితే ఓర్చుకోవచ్చు, మంచితనంలో కూడా మించితే ఎదుటి మనిషి ఏం కావాలి? నా పేరు నిలబెట్టినవాడికి ఒక్క మంచి మాట చెప్పలేకపోయాను. ఆ తర్వాత నేను వేసిన ప్రతి ఇరుసూ బూడిదలోనే చల్లారింది. ఒక్కటీ విరగలేదు.

నిన్న మధ్యాహ్నం నమాజు తర్వాత జనాజా లేచింది. మేడ్చల్ నుంచి కూడా మనుషులొచ్చారు. నేను పోయిననాడు ఇన్ని భుజాలు వస్తాయా అని అక్కడ కూడా అసూయపడ్డాను. నేనూ భుజం పెట్టాను. పక్కన పటేలు నడుస్తున్నాడు.

"పటేలా, నాడు గా ఇరుసుల పగులు లేకుండె. నేనే పాడుజేసిన," అన్నాను.

ఆయన నా ముఖం చూశాడు.

కొన్ని అడుగులు మోసి పక్కవాళ్ళకు ఇవ్వడం వాళ్ళ ఆనవాయితీ. వెనక నుంచి ఎవరో నా వీపు తట్టి, "ఇగ ఇడువన్నా, అందరికి దొరకాలె గదా," అన్నారు. న్యాయమే. కానీ చెరువు కట్ట దాటి ఖబరస్తాన్ దాకా, ఎవరెన్నిసార్లు తట్టినా, ఆయన్ని ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాలేదు.