ఆయుధపూజలో పీటర్ బూట్లు

ఇవాళ అంగట్లో తక్కెడకు కుంకుమ పెడుతుంటే, మనవడు తన ఫుట్‌బాల్ తెచ్చి పక్కన పెట్టాడు. ఉల్సూరు స్నేహితులారా, మన పీటర్ గుర్తున్నాడా? ఎనభైల్లో మా నాన్న స్నేహితుడైన జర్మనీ ఇంజనీరు కొడుకు, దసరా సెలవులకు మా ఇంట్లో ఉన్నాడు. వచ్చిన మర్నాడే మన జట్టులో కలిసిపోయాడు. మనవన్నీ ఒట్టి కాళ్ళు, వాడికి మాత్రం తళతళలాడే బూట్లు.

ఆయుధపూజ సాయంత్రం పక్కవీధి వాళ్ళతో మ్యాచ్. వాడికి అదే ఆఖరి ఆట, మర్నాడు పదింటికి రైలు. తీరా చూస్తే మన ఒక్కగానొక్క బంతిని మా అవ్వ తక్కెడ పక్కన పూజలో పెట్టేసింది.

"అవ్వా, బంతి ఇయ్యవే, మ్యాచ్ ఉండాది."

"పూజలో పెట్టింది ఈపొద్దు ముట్టకూడదప్పా. రేపు తెల్లారి తీస్తా, అప్పుడు ఆడుకోండి."

పీటర్‌కు సంగతి చెప్పాం. వాడు ఏడుపు ముఖంతో లోపలికి వెళ్ళి, బూట్లు తెచ్చి బంతి పక్కన పెట్టాడు.

"పూజలో బూట్లేందమ్మా?" అన్నాడు నాన్న.

"ఆ బిడ్డకు తక్కెడ అదే గదప్పా," అని అవ్వ వాటికీ బొట్టు పెట్టింది.

విజయదశమి తెల్లవారగానే హారతిచ్చి బంతి, బూట్లు తీసిచ్చింది. పక్కవీధి వాళ్ళూ వచ్చారు. బూట్లు వేసుకోమంటే పీటర్ వాటి మీది బొట్టు చూపించి తల అడ్డంగా ఊపాడు. మనలాగే ఒట్టి కాళ్ళతో ఆడి, గోలు కొట్టి, కుంటుకుంటూ నవ్వుకుంటూ, బూట్లు చంకలో పెట్టుకుని రైలెక్కాడు.