చెవి అందిన రోజు

నేను బడిలో చేరింది అక్క వెనకాల. అమ్మా బాపూ పత్తి ఏరడానికి వెళ్లిపోయేవారు. అక్క ఎటు పోయినా నేను ఇంట్లో ఉండేదాన్ని కాదు, ఏడుస్తూ వెంట పడేదాన్ని. అక్కను బడిలో వేసే రోజు అవ్వ మా ఇద్దరినీ తీసుకెళ్లి సారు ముందు నిలబెట్టింది.

మా ఊరి బళ్లో వయసు తేల్చే పద్ధతి ఒకటుండేది. కుడిచేయి తల మీదుగా తెచ్చి ఎడమ చెవిని పట్టుకోవాలి. అందితే బడీడు వచ్చినట్టు, అందకపోతే ఇంటికి. అక్కకు అందింది. నాకూ అందింది.

"దీని చేతులే పొడుగు సారూ, ఈడు లేదు" అంది అవ్వ.

"చెవి అందింది గదా, కూసోనియ్యి" అన్నాడు సారు.

అలా ఏడాదిన్నర ముందే ఒకటో తరగతిలో కూర్చున్నాను. తెలంగాణ వచ్చిన ఏడు మూడో తరగతి. హాజరు పిలిచినప్పుడు నాకు గొంతు పెగిలేది కాదు. "వచ్చింది సార్" అని నా బదులు అక్కే చెప్పేది. ఇంటర్ దాకా అంతే.

ఇంటర్ అయ్యాక ఇద్దరం హైదరాబాదులో ఒక డిగ్రీ కాలేజీకి దరఖాస్తు పెట్టాం. అక్కడ రాత పరీక్ష, ఆపైన ఇంటర్వ్యూ. పరీక్ష ఇద్దరం దాటాం. చిక్కు ఒక్కటే: పదహారు నిండాలని నియమం. నాకు నిండలేదు. మరీ బాగా చదివే పిల్లలైతే సడలిస్తారని విన్నాం. సడలించకపోతే అక్క ఒక్కతే పోతుంది. అక్క పక్కన లేకుండా నేనెలా ఉంటానో నాకే తెలియదు. భయం కన్నా అలా ఉండటమేమిటో చూడాలన్న ఆశే ఎక్కువగా ఉండేది.

"గింత పోరిని పట్నం తోలుతున్నవా? పాలసీసా గూడ కట్టియ్యి" అని పక్కింటి పెద్దమ్మ నవ్వింది.

అప్పటికి బాపు జడ్చర్లలో మందుల కంపెనీలో పనిచేస్తున్నాడు. "అడిగి చూద్దాం. వద్దంటే వాపస్ వస్తం, బస్సు యాడికి పోతది?" అన్నాడు.

ఇంటర్వ్యూ గదిలోకి ముందు అక్క వెళ్లింది. తర్వాత నేను. లోపల ముగ్గురు మేడమ్‌లు.

"ఇంత చిన్నప్పుడే బళ్లో ఎలా చేర్చుకున్నారమ్మా?" అని ఒకావిడ అడిగింది.

చెవి సంగతి చెప్పాను. ఆవిడ వెంటనే చేయి తల మీదుగా తెచ్చి చూసుకుంది. గాజులు జుట్టులో చిక్కుకున్నాయి. పక్కనున్న ఇద్దరూ నవ్వారు.

"మరి అందని పిల్లలు?"

"ఇంటికి పోయేటోళ్లు మేడం. కొందరు మళ్లా యేడు వచ్చిన్రు. కొందరు రాలే." అంతటితో ఊరుకోవలసింది. కానీ చిన్నప్పటి నుంచి మనసులో తిరిగే ప్రశ్న బయటికొచ్చేసింది. "మేడం, గా లెక్క ముందుగాల ఎవరు పెట్టిన్రు? చెవికీ చదువుకూ ఏం సంబంధం?"

"నాకూ తెలియదు. ఇక్కడ లైబ్రరీ ఉంది, వెతికి నాకు చెప్పు" అంది ఆవిడ. అది సీటు ఇచ్చినట్టో, మర్యాదకు అన్నదో అర్థం కాలేదు.

వారం తర్వాత బాపు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. నాకు సీటు. అక్కకు లేదు.

ఇలా జరుగుతుందని ఇంట్లో ఎవరం అనుకోలేదు. నేను అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాను.

"మొకం గట్ల పెట్టకే" అంది అక్క. "ఒకటో తరగతి నుంచి నిన్ను మోస్తున్న. ఇగ జర నన్ను గూడ ఊపిరి తీసుకోనియ్యి." నవ్వుతూనే అంది గానీ, ఆ రోజు తనూ సరిగా తినలేదు. తర్వాత జడ్చర్లలో డిగ్రీలో చేరింది.

మొదటి రోజు క్లాసులో హాజరు పిలిచారు. నా పేరు వచ్చింది. అలవాటుగా పక్కకు చూశాను. ఎవరో తెలియని అమ్మాయి పెన్ను మూత కొరుకుతోంది. మేడమ్ రెండోసారి పిలిచింది.

"వచ్చిన మేడం" అన్నాను. నా గొంతు నేననుకున్న దానికన్నా పెద్దగా ఉంది.