కొబ్బరితో పాటు ఎండబెట్టిన ఫోను

మొన్న వేసవిలో ఒక సోమవారం ఉదయం నా ఫోను వెనక అట్ట లేచి కనిపించింది. బల్ల మీద పెడితే నిలకడగా ఉండక ఊగింది. "ఏదో తేడాగా ఉంది" అని డైరీలో రాసుకున్నాను. రాసుకున్నానే గాని వాడటం ఆపలేదు. రబ్బరు బ్యాండు వేసి వాడాను.

ముక్తేశ్వరంలో మాకు కొబ్బరి ఎండబెట్టే కళ్ళం ఉంది. మా వారు మస్కట్‌లో ఉండటంతో దాన్ని నేనే నడుపుతున్నాను. అంతకు వారం ముందు, రొంటిన దోపుకున్న ఫోను నీళ్ళ తొట్టిలో పడింది. తుడిచి, కొబ్బరి చిప్పల మధ్య గచ్చు మీద మండుటెండలో పెట్టాను. మా పనిలో ఏ తడికైనా అదే వైద్యం. ఫోను మళ్ళీ వెలిగింది. బ్యాటరీ మాత్రం ఉబ్బింది.

ఆ సోమవారం సాయంత్రమే ఛార్జింగ్‌లో ఉంచి మా వారితో మాట్లాడుతుండగా బుస్సుమని శబ్దం, పొగ, వెంటనే మంట. కుడి అరచేయి, వేళ్ళు కాలిపోయాయి.

"డీప్ బర్న్ అమ్మా, స్కిన్ గ్రాఫ్టింగ్ చెయ్యాలి," అన్నారు అమలాపురంలో డాక్టరుగారు. తొడ నుంచి చర్మం తీసి అతికారు. ఒక మూల ఇన్‌ఫెక్షన్ వచ్చింది. మళ్ళీ డ్రెస్సింగులు, యాంటీబయాటిక్స్. అది మానేసరికి వేళ్ళు బిగిసిపోయాయి. కాంట్రాక్చర్ అట.

"ఫిజియోథెరపీ మానేస్తే ఇలాగే ఉండిపోతాయండి. చేసినా పూర్తిగా రాకపోవచ్చు," అన్నారు డాక్టరుగారు.

కాయలు కొట్టే కత్తి పట్టలేని చేత్తో కళ్ళం నడవదు. ఆ సంగతి మా ఆడపడుచుగారు ముందే పసిగట్టారు.

"కళ్ళం మాకు కౌలుకిచ్చేయమ్మా. ఆ చేత్తో ఇంకేం చేస్తావు? ఫోను కూడా మానేయ్. తమ్ముడి కబుర్లు నేను చెప్తాన్లే."

"చెయ్యి కాలిందండీ వదినగారూ, నోరు కాలలేదు. మా ఆయనతో నేనే మాట్లాడుకుంటాను. కళ్ళం ఇవ్వను."

వేళ్ళు చాపి ఉంచే స్ప్లింట్ కట్టుకున్నాను. నొక్కడానికి ఆసుపత్రిలో మెత్తని బంతి చెప్పారు. నేను కొబ్బరి పీచు ఉండకు పాత చీర గుడ్డ చుట్టి నొక్కాను. నొప్పికి కళ్ళనీళ్ళు వచ్చేవి. ఆపలేదు.

"బాల్ ఏదండీ?" అన్నారు డాక్టరుగారు.

"ఆయ్, ఇదేనండి."

ఆయన నవ్వి, ఉండను చేతిలోకి తీసుకొని, "కానివ్వండి," అన్నారు.

ఈనాటికీ చిటికెన వేలు పూర్తిగా చాపలేను. కత్తి పిడికి గుడ్డ చుట్టి లావు చేసుకున్నాను. కళ్ళం నా చేతిలోనే ఉంది. కొత్త ఫోనూ ఆ చేతిలోనే ఉంది.

మొన్న వదినగారు తడిసిన ఫోనుతో వచ్చారు. "కాసేపు మీ కళ్ళంలో ఎండబెడతానమ్మా."

"ఇక్కడ కొబ్బరే ఎండుతుందండీ," అని ఫోను ఆపించి, రిపేరు షాపుకు పంపాను. మీకూ అదే చెబుతున్నాను: తడిసిన ఫోనును, ఉబ్బిన ఫోనును ఛార్జింగ్‌కు పెట్టకండి, ఎండలో పెట్టకండి, ఆపేసి, రిపేరు తెలిసినవారికి చూపించండి.