సీసా పట్టుకుని గేటు దాటిన కిటికీ మేస్త్రీ

మా అన్నయ్యను ఫ్యాక్టరీలో అందరూ కిటికీ మేస్త్రీ అనేవారు. ఆయన జన్మలో ఒక కిటికీ బిగించిన పాపాన పోలేదు. ఇంట్లో మేకు కొట్టమంటే వేలు నలగ్గొట్టుకునే రకం. ఆయన పనంతా తొట్ల దగ్గర. మట్టిని యాసిడ్‌లో కరిగించి, ఆ నీళ్ళను వరస తొట్లలోంచి పంపుతూ అందులోని లోహాలను ఒక్కొక్కటిగా విడదీస్తారు. అవి కవల పిల్లల్లా ఒకదాన్నొకటి పోలి ఉంటాయట, ఒక పట్టాన విడిపోవు. చివరి తొట్టిలోంచి నియోడిమియం అనేది దిగుతుంది. అన్నయ్య దాన్ని గాజు సీసాలో కాస్త పట్టి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులోకి ఎత్తి చూసేవాడు. ఎండలో లేత ఊదారంగు, ట్యూబ్‌లైటు కింద అదే నీలం. అందుకే కిటికీ.

ల్యాబ్‌లో మిషన్ వచ్చి ఏళ్ళయింది. బొట్టు వేస్తే అంకె చెప్పేస్తుంది, రంగు చూడాల్సిన అవసరమే లేదు. ఆ మాటే అంటే, "అంకె చూస్తే ఏం బాగుంటుందే?" అనేవాడు. రోజూ ఇంటికొచ్చి ఇవాళ రంగు ఎలా కుదిరిందో చెబుతుంటే నేను కుట్టుమిషన్ తొక్కుతూ ఊఁ కొట్టేదాన్ని. సగం వినేదాన్ని కాదు.

వదిన పోయాక అన్నయ్య కూతుర్ని నేనే పెంచాను. ఆ పిల్ల సరిహద్దు అవతలి దేశంవాణ్ణి ఇష్టపడి చేసుకుంది. అప్పట్లో అదేం పెద్ద విషయం కాదు. పొద్దున బస్సెక్కితే భోజనాల వేళకి వాళ్ళింట్లో ఉండేవాళ్ళం. నెల తప్పానని ఫోన్ చేసినప్పుడు, "నాన్నా, ఉద్యోగం మానేసి వచ్చెయ్. పురిటికి నువ్వూ అత్తా నా దగ్గరుండాలి" అంది. అన్నయ్య ఆ రోజే రాజీనామా రాసిచ్చాడు. ఎప్పుడూ ఏదీ తొందరగా తెమల్చనివాడు అంత చురుగ్గా కదలడం నేను అదే చూడటం.

రాజీనామా ఒప్పుకునేలోపే రోజులు మారిపోయాయి. అంతకుముందు ఆ సరుకు అయస్కాంతాలుగా మారి స్పీకర్లకీ ఫ్యాన్లకీ పోయేది, ఎవరికీ పట్టేది కాదు. ఉన్నట్టుండి పేపర్లనిండా అవే రాతలు. ఈ అరుదైన ఖనిజాలు లేకపోతే క్షిపణి దారి మార్చుకోలేదట, యుద్ధవిమానం పైకి లేవలేదట. బయటినుంచి అమ్మే దేశం అమ్మకం ఆపేసింది. మాకున్నది ఈ ఒక్క ఫ్యాక్టరీ. అవతలి దేశానికి అదీ లేదు. వాళ్ళు అడిగారు, మావాళ్ళు కుదరదన్నారు, మాటలు ముదిరాయి. బస్సు ఆగిపోయింది.

ఫ్యాక్టరీ గేటుకు సైనికులొచ్చారు. వాళ్ళ అధికారి పనివాళ్ళందరినీ కూర్చోబెట్టి చాలా మర్యాదగా మాట్లాడాడట. "క్షిపణి రెక్కను తిప్పే మోటారులో మీ అయస్కాంతమే ఉంటుంది. మీరు నెల రోజులు ఆగితే మేం చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే," అన్నాడట. చప్పట్లు కొట్టారు. అన్నయ్యా కొట్టాడు. ఆ తర్వాత భద్రంగా ఉంచుతామని అందరి పాస్‌పోర్టులూ తీసుకున్నారు. పేలుడుకు అద్దాలు పగిలి మీద పడతాయని కిటికీలన్నిటికీ ఇటుకలు పేర్చి మూసేశారు. మేము ఫ్యాక్టరీ గోడ పక్క వీధిలోనే ఉంటాం. ఒకరోజు బట్టలు ఆరేస్తూ తలెత్తితే ఫ్యాక్టరీ కప్పు మీద ఆకాశంలోకి ఎక్కుపెట్టిన ఫిరంగులు కనిపించాయి.

మా ప్రయాణానికి అనుమతి కోసం కాళ్ళరిగేలా తిరిగాం. ఎవరి కాళ్ళు పట్టుకున్నామో ఎవరికి దణ్ణాలు పెట్టామో చెప్పుకుంటే సిగ్గుచేటు. చివరికి దయతలిచారు. బయల్దేరే రోజు సాయంత్రం డ్యూటీ దిగేటప్పుడు పాస్‌పోర్టు ఇస్తామన్నారు. నేను పెట్టెలు సర్దాను, పసిబిడ్డకు కుట్టిన జుబ్బాలు పైనే పెట్టాను.

ఆ మధ్యాహ్నం ఆఖరి తొట్టిలోంచి సరుకు దిగింది. అన్నయ్య సీసా నింపుకుని అలవాటు చొప్పున కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఇటుక గోడ. అలాగే తలుపు తీసుకుని ఆవరణలోకి వచ్చాడు. అక్కడ షెడ్డు నీడ. ఎండ గేటు అవతల రోడ్డు మీద ఉంది. సీసా పట్టుకుని గేటు దాటాడు.

మూడడుగులు వేశాడో లేదో సైనికులు మీద పడి పట్టుకున్నారు. "రంగు చూద్దామని" అన్నాడట. నేనైనా నమ్ముతానా, ఆ మనిషి నాకు అన్నయ్య కాకపోతే?

"అవతల మీ అల్లుడేం చేస్తాడు?" అని అడిగారట.

"మోటార్లు బాగుచేస్తాడండీ."

"ఏ మోటార్లు?"

"నీళ్ళ మోటార్లు."

"ఎవరికి?"

"నీళ్ళు కావాల్సినవాళ్ళకి."

అది వెటకారం అనుకున్నారు. నా బంగారు అన్నయ్యకు వెటకారమా! నాకు ఒళ్ళు మండిపోయింది, ఆయన మీదా వాళ్ళ మీదా.

కొన్నాళ్ళకు వదిలేశారు. ఆ అధికారే స్వయంగా ఇంటికి తీసుకొచ్చాడు. నేనిచ్చిన టీ తాగి, బాగుందన్నాడు. "మీరు దొంగ అని మేం అనుకోవడం లేదు పెద్దాయనా. కానీ మీకు తెలిసిన పని సరిహద్దు దాటకూడదు. రేపట్నుంచి డ్యూటీకి వచ్చెయ్యండి."

"మరి నా పాస్‌పోర్టు?"

"పరిస్థితులు చక్కబడనివ్వండి."

"నా రాజీనామా?"

అధికారి నవ్వి, కప్పు కింద పెట్టాడు. "మీ అమ్మాయితో ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు, మేమేమీ అడ్డం రాం. ఆవిడే వస్తానంటే రానివ్వమని నేనే చెబుతాను," అన్నాడు. గడప దగ్గర ఆగి, "వస్తే ఇక్కడే ఉండిపోవచ్చు," అని కూడా అన్నాడు.

అధికారి వెళ్ళాక అన్నయ్య తలుపు వేసి వచ్చాడు. తర్వాత మెల్లగా, "వస్తే తిరిగి పోనివ్వరు. నన్ను కట్టేయడానికి దాన్ని రమ్మంటున్నారు," అన్నాడు. పెరట్లోకి వెళ్ళి ఫ్యాక్టరీ కప్పు వైపు చూసి వచ్చాడు. "పైకి ఎక్కుపెట్టి కూర్చున్నారంటే పైనుంచి ఏదో పడుతుందనేగా. పడితే ముందు ఇక్కడే పడుతుంది." నన్ను ఒక్కదాన్నైనా వెళ్ళిపొమ్మన్నాడు. తిట్టి నోరు మూయించాను.

పిల్ల పురుడు పోసుకుంది. ఒళ్ళు కుదుటపడగానే ఫోన్ చేసింది. బిడ్డ ఏడుపు గదంతా వినిపించింది. "నాన్నా, మీరు రాలేకపోతేనేం, నేనే తీసుకొస్తున్నాను. ఎవరో ఆఫీసరు ఫోన్ చేసి రానిస్తామన్నాడు. రేపే బయల్దేరుతున్నాం."

అన్నయ్య ముఖం మాడిపోయింది. "వద్దు," అన్నాడు.

"అదేంటి నాన్నా?"

"నాకు చూడాలని లేదు. పరాయి దేశంవాణ్ణి చేసుకుని నా పరువు తీశావు. నీ గుమ్మంలోనే ఉండు. ఇంకెప్పుడూ ఫోన్ చెయ్యకు."

అంతటి మాట ఆయన నోటివెంట రావడం నేనెన్నడూ వినలేదు. అవతల లైను కట్టయింది. కోపం ఆపుకోలేకపోయాను.

"నీ నోరు పడ! మగపిల్లాడో ఆడపిల్లో, అదైనా అడగలేదేం?"

ఆయన ఫోన్‌ను రెండు చేతులతో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"అడిగితే వచ్చేస్తుందే," అన్నాడు.